పార్వతీదేవి పేరున్న డబ్బా

శామీర్‌పేట చెరువును నమ్ముకొని బతికే ఇళ్లలో శివమ్మ ఇల్లొకటి. మొగుడు పరమేశ్ చేపల సొసైటీలో మెంబరు. ఆ లెక్కన ఆమె చేపల శివమ్మ కావాలి. కానీ పందొమ్మిదేళ్లుగా ఇటు శామీర్‌పేట నుంచి అటు మేడ్చల్ దాకా అందరూ ఆమెను డబ్బాల శివమ్మ అనే పిలుస్తారు. వంటింటి ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఒక పెద్ద కంపెనీ సరుకును ఇల్లిల్లూ తిరిగి అమ్మడం ఆమె పని. కంపెనీ పేరు మనకెందుకులెండి, శివమ్మకే ఇంతవరకు నోరు తిరగలేదు. వాళ్లు ఆమెను కన్సల్టెంట్ అన్నారు, ఒక నంబరిచ్చారు, ఫొటో ఉన్న కార్డు మెడలో వేశారు. ఆ కార్డు వేసుకొని ఇంటికొచ్చిన మొదటి రోజు పరమేశ్ ఆమెను ఎగాదిగా చూసి, "ఏందే, బ్యాంకుల నౌకరి దొరికిందా?" అన్నాడు. ఆ పూట శివమ్మ వండిన కూరలో కారం కొంచెం ఎక్కువే పడింది.

మనిషిని చూస్తే పిడికెడు. గొంతు మాత్రం చెరువుకు ఈ గట్టున మాట్లాడితే ఆ గట్టున వినపడుతుంది. రెండు భుజాలకు రెండు సంచులు తగిలించుకొని, కాలికి బలపం కట్టుకున్నట్టు తిరుగుతుంది. వారం మొదట్లో శామీర్‌పేట చుట్టుపక్కల, వారం మధ్యలో మేడ్చల్, శనివారం కొంపల్లి. ఎవరింటికి వెళ్లినా ముందు మంచినీళ్లు అడుగుతుంది. ఇచ్చిన నీళ్లలో సగం తాగి, మిగతా సగం డబ్బాలో పోసి, మూత నొక్కి, ఆ ఇంటావిడ ఒళ్లోకి తలకిందులుగా పట్టుకొని గడగడ ఊపుతుంది. "ఒక్క సుక్క పడనియ్యి, డబ్బ నీకు ముఫ్త్!" అంటుంది. కొత్త చీర కట్టుకున్నవాళ్లు కెవ్వుమని లేవబోతారు. చుక్క మాత్రం పడదు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. శివమ్మ నోరు మంచిదో కాదో చెప్పడం కష్టం గానీ, ఆ నోటికి ఊళ్లో ఎదురు లేదు.

అయినా ఆమెకు అంత పేరు రావడానికి కారణం నోరు కాదు. పేర్లే. మొదట్లో ఒకరోజు విజయమ్మ అనే ఆవిడ ఇంట్లో పదిమంది ఆడవాళ్లను కూర్చోబెట్టి డబ్బా ఊపి చూపించింది. అందరూ బాగుందన్నారు, ఒక్కరూ కొనలేదు. చివరికి విజయమ్మే మనసులో మాట బయటపెట్టింది.

"గిన్ని పైసలు పెట్టి కొంటే, రేపు బోనాలకు ఎవలింటికన్న కూర పంపితే మల్ల వాపస్ వస్తదానె? స్టీలు గిన్నెకైతే దుకాణంల పేరు కొట్టిస్తం. గీ ప్లాస్టిక్ మీద ఏం కొట్టిస్తం?"

న్యాయమైన మాటే. పేరు లేని గిన్నె గడప దాటితే మళ్లీ ఇల్లు చేరుతుందని నమ్మకం లేదు. పేరున్న గిన్నెలు మాత్రం చేరుతున్నాయా అంటే, మీ వంటింట్లో వెతికి చూసుకోండి, పక్కింటివాళ్ల పేరున్నది ఒకటైనా దొరక్కపోతే అడగండి. ఏమైనా, పేరుంటే ఇంటావిడకు అదొక ధైర్యం. శివమ్మ ఆ పూట ఉత్త చేతులతో ఇంటికొచ్చి, గోనెసంచులు కుట్టే దబ్బనం ఒకటి తీసి, పట్టుకోవడానికి దాని వెనక మొక్కజొన్న బెండు గుచ్చి, పొయ్యి మీద కాల్చింది. రెండు మూతలు పాడుచేసుకున్నాక ఒడుపు దొరికింది. చుక్క పక్కన చుక్క, చుక్క పక్కన చుక్క. స్టీలు గిన్నె మీద మిషను కొట్టినట్టే అక్షరాలు పడ్డాయి. చదివింది అయిదో తరగతే అయినా ఆమె చేతిరాత గుండ్రంగా ఉంటుంది. వారం తిరిగేసరికి విజయమ్మ డబ్బా అడుగున విజయమ్మ పేరుంది. మిగతా తొమ్మిది మందీ ఆ డబ్బాను తిప్పి తిప్పి చూసి, తలా ఒకటి కొన్నారు.

అప్పటి నుంచి అదే పద్ధతి. డబ్బా కొంటే పేరు రాయడం ఊరికే. పొడుగు పేర్లవాళ్లను మాత్రం శివమ్మ తిట్టుకుంటూ రాస్తుంది. ఇంకో సంగతి, ఆ కంపెనీ డబ్బాకు గ్యారంటీ ఉంది. పగిలితే తీసుకొని కొత్తది ఇస్తారు. పగిలిన డబ్బాను శివమ్మే సంచిలో వేసుకొని మేడ్చల్‌లోని సెంటరుకు తీసుకెళ్తుంది. ఆ సెంటరును నడిపే రోజారాణి దాన్ని కంపెనీకి పంపి కొత్తది తెప్పిస్తుంది. శివమ్మ దాని మీద మళ్లీ పేరు రాసి ఇంటికి చేరుస్తుంది.

ఇలా సాగిపోతున్న బండికి ఫోన్ అడ్డం వచ్చింది. ఒకరోజు కోడలు దీప ఫోన్ తెచ్చి అత్త ముఖం ముందు పెట్టింది.

"అత్తమ్మా, గిది సూడు. మన డబ్బనే. సగం రేటుకు అమ్ముతాండ్రు."

శివమ్మ ఫోన్‌ను దగ్గరగా పెట్టుకొని చూసింది, దూరంగా పెట్టుకొని చూసింది. అదే రంగు, అదే మూత, నోరు తిరగని అదే కంపెనీ పేరు. దొంగ సరుకేమో అనుకొని మర్నాడు రోజారాణిని అడిగింది. రోజారాణి నెత్తి కొట్టుకుంది.

"దొంగది గాదక్కా, మన కంపెనిదే. టార్గెట్ కోసమని కొందరు ఎక్కువ సరుకు ఎత్తుకుంటరు. అమ్ముడుపోదు. ఇగ ఆన్‌లైన్ల అమ్మేటోళ్లకు అగ్గువకు ఇచ్చేస్తరు. మన సరుకే మన నెత్తి మీదికొస్తాంది."

ఆ తర్వాత శివమ్మ ఏ ఇంటికి వెళ్లినా మంచినీళ్లతో పాటు ఫోన్ కూడా బయటికొచ్చేది. "ఫోన్‌ల సగానికే ఉన్నది గద శివమ్మా" అనేవాళ్లు. "మరి డబ్బ పలిగినప్పుడు గా ఫోన్‌నే పిలువు, సంచి పట్టుకొని వస్తదేమో" అని ఆమె నవ్వుతూనే అనేది. వాళ్లూ నవ్వేవాళ్లు. నవ్వి, ఫోన్లోనే కొనుక్కునేవాళ్లు. మేడ్చల్ సెంటరులో పద్నాలుగు మంది కన్సల్టెంట్లుండేవాళ్లు, రెండేళ్లలో అయిదుగురు మిగిలారు. శివమ్మ పైకి గొంతు తగ్గించలేదు గానీ లోపల చాలా బాధపడింది. ఎన్నో ఏళ్లుగా పీట వేసి కూర్చోబెట్టిన ఇళ్లు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడుతుంటే ఎవరికైనా బాధే కదా.

ఫోన్ జోలికి పోని ఇల్లు ఒకటుంది, కొంపల్లిలో. పార్వతీదేవి గారిది. గోదావరి జిల్లా నుంచి వచ్చి అపార్టుమెంటులో స్థిరపడ్డ కుటుంబం. కొడుకు వెంకటసాయి ఆఫీసుకు పోతాడు. కోడలు హరిచందన పెళ్లికి ముందు ఉద్యోగం చేసేది, పాప పుట్టాక మానేసింది. పార్వతీదేవి మంచి మనిషే. చేయి పెద్దది, మాట పెద్దది, వంటింటి మీద పెత్తనం అంతకన్నా పెద్దది. ఆ వంటింట్లో శివమ్మ అమ్మిన డబ్బాలు డజనుకు పైగా ఉన్నాయి, అన్నిటి అడుగునా పార్వతీదేవి పేరే. శివమ్మ వెళితే సోఫాలో కూర్చోబెట్టి, తను తాగే గ్లాసు లాంటి గ్లాసులోనే కాఫీ ఇస్తుంది. "ఆ ఫోన్లో సరుకు ముట్టుకోను శివమ్మా, మనిషి మొహం చూడకుండా కొనడం ఏమిటీ" అంటుంది. ఆ మాట వింటే శివమ్మకు వారానికి సరిపడా బలం వచ్చేది.

శ్రావణమాసంలో ఒక శనివారం శివమ్మ కిందికి దిగుతుంటే హరిచందన లిఫ్టు దగ్గర ఆపింది. చేతిలో ఒక కవరు. అందులో ఆరు డబ్బాలు, ఇంకా అట్టపెట్టె వాసన పోలేదు.

"ఆంటీ, వీటి మీద అత్తయ్య పేరు రాసిపెడతారా?"

శివమ్మ డబ్బా తీసి చూసింది. తను అమ్మింది కాదు. అర్థమైంది. ముఖాన కొట్టినట్టయింది. ఎవరి డబ్బాకో తను పేరు రాయాలా? అందులోనూ ఈ ఇంట్లో? నోటిదాకా వచ్చిన మాట అనేసేదే, కానీ హరిచందన కళ్లలో అప్పటికే నీళ్లు తిరుగుతున్నాయి.

"మీ దగ్గర కొనమనే అత్తయ్య డబ్బులిచ్చారు ఆంటీ. ఫోన్లో సగానికి వచ్చాయి. మిగిలింది మా అమ్మకి పంపాను, కళ్లజోడు పగిలి రెండు నెలలైంది. ఆయన్ని అడిగితే ఇవ్వరని కాదు. ఎందుకు, ఏమిటని ప్రతిసారీ చెప్పుకోవాలి. నా జీతం ఉన్నప్పుడు అడిగేదాన్ని కాదు. అత్తయ్యకి మాత్రం చెప్పకండి, మీ దగ్గరే కొన్నానని చెప్పాను."

శివమ్మ కోపం ఎటు పోయిందో పోయింది.

"నా కడుపుల దాసుకుంట తియ్ బిడ్డా. ఎవలకు జెప్ప," అని కవరు సంచిలో వేసుకుంది.

ఇంటికొచ్చి దబ్బనం కాల్చింది. మామూలుగా ఈ కంపెనీ డబ్బాల అడుగున మధ్యలో సన్నటి అంకెలు కొన్ని ఉంటాయి. శివమ్మ వాటి కింద పేరు రాస్తుంది. ఈ ఆరింటికీ అంకెలు లేవు. ఆ చోట ఎవరో బ్లేడుతో గీకినట్టు గరుకుగా, తెల్లగా ఉంది. అగ్గువ సరుకు గిట్లనే ఉంటదనుకుంది శివమ్మ. చేసే పని వంకరగా చేయడం ఆమెకు చేతకాదు. ఆ గరుకు కనపడకూడదని సరిగ్గా దాని మీదే, ఎప్పటికన్నా దట్టంగా చుక్కలు పెట్టి పార్వతీదేవి అని రాసింది. గీకిన జాడ అన్నది లేకుండా కప్పుకుపోయింది. తన పనితనానికి తనే మురిసింది కూడా.

తర్వాతి శనివారం పార్వతీదేవి, "కొత్తవి బావున్నాయి శివమ్మా" అంది. శివమ్మ కాఫీ గ్లాసులోకి చూస్తూ "అవునమ్మా" అంది. లోపల వంటింట్లో గరిటె చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది.

అయిదు నెలలు గడిచాయి. ఒక శనివారం శివమ్మ చెప్పులు వేసుకుంటుంటే పార్వతీదేవి ఒక డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. అంచు దగ్గర బీట వారింది. "చూడవే, పాప కింద పడేసింది. నీ కంపెనీ వాళ్లకిచ్చి కొత్తది పట్రా" అంది. శివమ్మ అడుగు తిప్పి చూసింది. తన రాత. తన చుక్కలు. ఆ ఇంట్లో తను రాసినవి, తను అమ్మినవి డజనుకు పైగా ఉన్నాయి, అన్నీ ఒకే రంగు. ఇక చూసేదేముంది? సంచిలో వేసుకుంది. హరిచందన ఆ సమయానికి పాపను బడి నుంచి తేవడానికి వెళ్లింది. ఉండుంటే ఈ కథే లేదు.

రెండు వారాల తర్వాత రోజారాణి ఫోన్ చేసింది.

"అక్కా, ఉన్నపళంగ జల్దీ రా. కంపెని నుంచి ఏరియా మేనేజర్ సారొచ్చిండు. నీ గురించే."

సెంటరులో టేబుల్ వెనక భానుప్రకాశ్ అనే అతను కూర్చున్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, మర్యాదైన మనిషి. శివమ్మను కూర్చోమన్నాడు, నీళ్లు తెప్పించాడు. తర్వాత టేబుల్ మీద ఆ పగిలిన డబ్బాను బోర్లించి పెట్టాడు.

"ఇది మీరే తెచ్చారా అమ్మా?"

"నేనే తెచ్చిన సారూ. పలిగింది."

"దీని అడుగున నంబర్ ఏమైంది?"

శివమ్మకు ప్రశ్న అర్థం కాలేదు. అతను ఇంకో డబ్బా తీసి సన్నటి అంకెల మీద వేలు పెట్టి చూపించాడు. ఏ డబ్బా ఏ సెంటరు నుంచి వెళ్లిందో ఆ అంకెలు చెబుతాయి. సరుకును దొంగతనంగా ఆన్‌లైన్ వాళ్లకు అమ్మేవాళ్లు దొరికిపోకుండా ముందు ఆ అంకెలను గీకేస్తారు. కంపెనీ ఏడాదిగా వెతుకుతున్నది అలాంటివాళ్లనే.

"ఇక్కడ గీకారు. గీకిన చోట కనపడకుండా మీరు పేరు రాశారు. చాలా శ్రద్ధగా రాశారు," అన్నాడు.

శివమ్మకు లిఫ్టు గుర్తొచ్చింది. అట్టపెట్టె వాసన గుర్తొచ్చింది. తను మురిసిపోయిన చుక్కలన్నీ ఇప్పుడు తనమీదికే లేచాయి.

"రాత నాదే సారూ. గీకింది నేను గాదు."

"మరి గీకిన డబ్బా మీ చేతికెలా వచ్చింది? ఇది మీరు అమ్మిందేనా?"

అవునంటే దొంగ. కాదంటే, మరి ఎక్కడిదని అడుగుతాడు. శివమ్మ అడకత్తెరలో పోకచెక్క అయింది. పందొమ్మిదేళ్లలో ఆ నోరు మూతపడటం రోజారాణి చూడటం అదే మొదటిసారి. పక్కనుంచి మోచేత్తో పొడిచి, "ఏదన్నుంటే జెప్పరాదె అక్కా" అని గొణిగింది.

భానుప్రకాశ్ ఆమె కస్టమర్ల పేర్లున్న కాగితం తిరగేశాడు. పార్వతీదేవి, కొంపల్లి. పక్కనే నంబర్ ఉంది. "వాళ్లనే అడుగుదాం" అని ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా టేబుల్ మీద పెట్టాడు. శివమ్మ ఒద్దని చెయ్యెత్తేలోపే పార్వతీదేవి గొంతు గదంతా నిండింది.

"శివమ్మా? బంగారం లాంటి మనిషండీ! పన్నెండేళ్ల నుంచీ ఎరుగుదుం. ఆ ఆరు డబ్బాలూ శ్రావణమాసంలో కొన్నాం. డబ్బులు నేనే లెక్కపెట్టి మా కోడలి చేతికిచ్చాను. ఆన్‌లైనా? మా ఇంట్లో ఆ ముచ్చటే లేదండీ. డబ్బా అంటే శివమ్మ దగ్గర కొనాల్సిందే, ఇంకెక్కడా కొనం. కావాలంటే రాసిస్తాను!"

ఆవిడ ఎంత ప్రేమగా పొగిడితే శివమ్మ అంత లోతుకు దిగబడింది. పాపం, ఆవిడ తనకు తెలిసిన నిజమే చెప్పింది. భానుప్రకాశ్ ఫోన్ పెట్టేసి, నిజంగానే బాధగా చూశాడు.

"ఇంకేమైనా చెప్తారా అమ్మా? రేపు సాయంత్రం వరకు ఆగుతాను. తర్వాత మీ నంబర్ మూసేయక తప్పదు. అప్పటిదాకా కార్డు ఇక్కడ ఉంచండి."

"ఏం లేదు సారూ."

శివమ్మ మెడలో కార్డు తీయబోతే దాని తాడు పుస్తెలతాడుకు చిక్కుకుంది. లాగితే రాలేదు. రోజారాణి లేచి వచ్చి, ముక్కు ఎగబీలుస్తూ చిక్కు తీసింది.

ఇంటికొచ్చేసరికి పరమేశ్ అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. ఖాళీ మెడ చూసి, "కార్డేది?" అన్నాడు. శివమ్మ పక్కన కూలబడి అంతా చెప్పింది. హరిచందనకు ఇచ్చిన మాట ఎవరికీ చెప్పనన్నది నిజమే గానీ, మొగుడికి చెప్పడం చెప్పినట్టు కాదని మన ఆడవాళ్ల లెక్క. పరమేశ్ వల పక్కన పడేశాడు.

"నీకేమన్న పిచ్చా? పందొమ్మిదేండ్ల కష్టమే! ఫోన్ల కొన్నదని ఒక్క మాట జెప్తె పాయె గద."

"జెప్తె నా నంబర్ నాకొస్తది. ఆ పిల్లకేమొస్తది? నేను వారానికో పారి పోయొస్త. ఆమె దినాం ఆ ఇంట్లనే ఉండాలె. అత్త ముంగట, మొగని ముంగట దొంగ లెక్క నిలవడాలెనా, కన్నతల్లి కండ్లద్దాల కోసం?"

పరమేశ్ పక్కన పడేసిన వలను మళ్లీ ఒళ్లోకి లాక్కున్నాడు. "ఇగ నాతోటి చేపలమ్ముదువు తియ్. నీ గొంతుకు ఒక్క చేప మిగలది" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. శివమ్మ నవ్వలేదు, కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది. డబ్బాలు అమ్మడం ఆమెకు కూడు పెట్టిన పని మాత్రమే కాదు. చేపల పరమేశ్ పెళ్లాం అని కాకుండా, ఆమెను ఆమె పేరుతో పిలిపించిన పని.

మర్నాడు పదకొండు గంటలకు వాకిట్లో కారు ఆగింది. శివమ్మ బట్టలు ఆరేస్తోంది. కారులోంచి ముందు పార్వతీదేవి దిగింది, వెనక హరిచందన. శివమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. ఇన్నేళ్లలో కొనేవాళ్లు ఆమె గడప తొక్కడం ఇదే మొదలు. ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక, దీపను కేకేసి కుర్చీలు తెప్పించి, అవి తుడిచిందే మళ్లీ తుడిచింది. హరిచందన కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మేడ్చల్ వెళ్లే వస్తున్నాం ఆంటీ," అంది. "నిన్న అత్తయ్య ఫోన్లో మాట్లాడుతుంటే నేను పక్కనే ఉన్నాను. అంతా విన్నాను. నోరు పెగల్లేదు. నా కోసం మీరు చెప్పకుండా కూర్చున్నారని అర్థమయ్యాక ఇంక ఉండలేకపోయాను. అత్తయ్యకి చెప్పేశాను. పొద్దున్నే ఆ సారు దగ్గరికి వెళ్లి ఫోన్లో నా ఆర్డరు చూపించాం. మిగిలిన అయిదు డబ్బాలూ ఇచ్చాం. అమ్మినవాడి వివరాలన్నీ రాసుకున్నారు."

శివమ్మ ఆ పిల్లను కాదు, పార్వతీదేవిని చూసింది. ఆవిడ ముఖం గంభీరంగా ఉంది. శివమ్మకు భయం వేసింది.

"అమ్మా, బిడ్డ తెల్వక జేసింది. ఏమనకుండ్రి."

"నువ్వు మాట్లాడకు శివమ్మా! ముందు నీ మీదే కోపం నాకు. కొత్తవి బావున్నాయంటే అవునమ్మా అన్నావు, కాఫీ తాగుతూ."

శివమ్మ తల దించుకుంది.

"దీని మీద కోపం లేదా అంటే, ఉంది. గట్టిగానే అరిచాను," అంది పార్వతీదేవి. గొంతు కొంచెం మెత్తబడింది. "అరిచాక కూర్చుని ఆలోచిస్తే సిగ్గేసింది. వియ్యపురాలికి కళ్లజోడు కొనడానికి నా కోడలు డబ్బాల్లో మిగుల్చుకోవాల్సి వచ్చిందంటే, తప్పు దానిదొక్కదానిదేనా? మా వెంకటసాయికీ చెప్పాను, వాడికీ సిగ్గేసింది. నువ్వు దాన్ని కాపాడావు. ఇంట్లో ఉండి నేను చూసుకోలేదు."

ఆవిడ చేతిసంచిలోంచి కార్డు తీసింది. రోజారాణి ఇచ్చి పంపిందట. ఫొటోలో పందొమ్మిదేళ్ల కిందటి శివమ్మ బెదురుగా చూస్తోంది. పార్వతీదేవి లేచి, తనే ఆ కార్డును శివమ్మ మెడలో వేసింది. "గీకిన సరుకు మీద ఇంకెప్పుడూ రాయొద్దని చెప్పమన్నాడు ఆ అబ్బాయి" అంది. శివమ్మ చెంపలు వేసుకుంది. లోపల్నుంచి పరమేశ్ దగ్గడం వినపడింది. అది దగ్గు కాదని శివమ్మకు తెలుసు.

"ఇప్పుడు పని చూడు. ఒక పెద్ద డబ్బా తియ్యి," అంది పార్వతీదేవి.

శివమ్మ కళ్లు తుడుచుకొని సంచి విప్పింది. ఉన్నవాటిలో మంచిది, పచ్చ మూతది తీసింది. రేటు చెప్పి, "ఫోన్‌ల సగమే ఉంటదమ్మా" అని తనే అంది.

"నేను అడిగానా? చందూ, డబ్బులియ్యి. నీ దగ్గరున్నవే, పొద్దున నీకిచ్చినవే."

హరిచందన పర్సు తీసి డబ్బులు ఇచ్చింది. దీప పొయ్యి వెలిగించింది. శివమ్మ దబ్బనం అందుకుంది.

"ఎవల పేరు రాయాలె?"

"అత్తయ్య పేరేనండీ," అంది హరిచందన, అలవాటు కొద్దీ.

"నా పేరెందుకు, నా పేరున్నవి డజనున్నాయి," అంది పార్వతీదేవి. "నీ డబ్బుతో కొన్నావు. నీ పేరు చెప్పు."

హరిచందన ఇద్దరి వంకా చూసింది. ఆరేళ్ల కాపురం. ఆ వంటింట్లో పొద్దున్నే స్టవ్ వెలిగించేది ఆమె, చివరికి గట్టు తుడిచి లైటు తీసేది ఆమె. ఒక్క గిన్నె మీద, ఒక్క డబ్బా మీద ఆమె పేరు లేదు. లేదని ఇన్నాళ్లు ఆమె కూడా అనుకోలేదు. చెప్పబోయి, చేతిలో పర్సును తెరుస్తూ మూస్తూ ఉండిపోయింది.

శివమ్మ ఇంక అడగలేదు. ఎర్రగా కాలిన దబ్బనం తీసి, డబ్బాను ఒళ్లో బోర్లించుకొని, కంపెనీ అంకెల కింద కాస్త చోటు వదిలి "హ" మొదలుపెట్టింది.